శివారు ఇంటి నీటి కఠినత్వం: కొలవడం, సరిదిద్దుకోవడం

హైదరాబాద్ చుట్టూ బోడుప్పల్, ఘట్‌కేసర్, నిజాంపేట, అమీన్‌పూర్ వంటి శివారు కాలనీల్లో ఒక ఇంటి సంపులోకి చేరే నీరు ఒక్క చోటు నుంచి రాదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీరు, ఇంటి ఆవరణలోనే వేయించుకున్న బోరు నీరు, వేసవిలో తెప్పించుకునే ట్యాంకరు నీరు ఒకే సంపులో కలిసిపోయి, ఒకే మోటారుతో పై ట్యాంకులోకి ఎక్కి, ఒకే పైపులో వంటింటికీ స్నానాల గదికీ దిగుతాయి. గీజరు కాయిల్ కాలిపోయినా, కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోయినా, తలస్నానం తరువాత జుట్టు పీచులా తయారైనా "ఇక్కడి నీళ్లు మంచివి కావు" అనే ఒక్క మాటతో సరిపెట్టుకుని, పక్కింటివారు పెట్టించుకున్న యంత్రాన్నే మనమూ పెట్టించుకుంటాము. నిజానికి ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి: నీటిలో కఠినత్వం ఎంత, కరిగి ఉన్న మొత్తం లవణాలు ఎన్ని, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటి కంటికి కనబడని దోషాలు ఉన్నాయా, రోగక్రిములు ఉన్నాయా. వీటిలో ఒకదానికి పనిచేసే ఉపాయం మరొకదానికి పనిచేయదు కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టే ముందు కొలత జరగాలన్నది ఈ మార్గదర్శి మూలసూత్రం.

మొదటి మెట్టు: ఏ నీరు ఎక్కడిదో వేరు చేయడం

హైదరాబాద్ నీటి సరఫరా బోర్డు అయిన జలమండలి నల్లాలో వచ్చేది ప్రధానంగా నదుల నీరు. కృష్ణా నీరు కోదండాపూర్‌లోనూ, ఎల్లంపల్లి నుంచి తెచ్చే గోదావరి నీరు మల్లారంలోనూ శుద్ధి అయి నగరానికి వస్తాయి. మంజీరా, సింగూరు నీరు పడమటి వైపు నుంచి వస్తుంది. భూమి పైన పారే నీటికి రాతితో ఎక్కువ కాలం సహవాసం ఉండదు కనుక నల్లా నీటి కఠినత్వం సాధారణంగా బోరు నీటి కంటే బాగా తక్కువగా ఉంటుంది. బోరు కథ వేరు. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు గ్రానైట్ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని ఖనిజాలనూ మట్టిలోని సున్నపు గులకలనూ కరిగించి కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లను తనలో నింపుకుంటుంది. ఈ రెండు లోహాల మొత్తమే కఠినత్వం. ఒకే వీధిలో రెండు బోర్ల నీరు రెండు రకాలుగా ఉండడానికి కారణం, అవి తాకిన పగుళ్లు వేరు కావడమే. అందువల్ల ఎదురింటివారి పరీక్ష ఫలితం మన ఇంటికి చెల్లదు.

నల్లా నీటి నమూనాను సంపులోంచి కాక, సంపులోకి పడే పైపు దగ్గరే పట్టాలి. బోరు నీటిని మోటారు వేసి కనీసం పది నిమిషాలు వదిలేసిన తరువాత పట్టాలి. బోరులో దింపిన గొట్టంలో, అంటే కేసింగులో, నిలిచిన నీరు భూగర్భ జలం అసలు లక్షణాన్ని చూపదు. ట్యాంకరు నీటిని గొట్టం సంపులో పెట్టక ముందే ఒక సీసాలోకి తీసుకోవాలి. వీటికి తోడు వంటింటి కుళాయి నుంచి మరొక నమూనా. నాలుగు సీసాల మీదా తేదీ, చోటు రాసి పెట్టుకుంటే తరువాత గందరగోళం ఉండదు.

రెండవ మెట్టు: అంకెలను అర్థం చేసుకోవడం

కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలోకి మార్చి లీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు. దానినే పీపీఎం అని వాడుకలో అంటారు. స్థూలంగా 60 లోపు మృదువైన నీరు, 120 వరకు ఓ మోస్తరు, 180 వరకు కఠినం, ఆ పైన మిక్కిలి కఠినం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం 200 దాకా ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 దాకా అనుమతి. కరిగిన మొత్తం లవణాలకు, అంటే టీడీఎస్‌కు, ఈ హద్దులు 500, 2000. ఫ్లోరైడ్‌కు 1.0, 1.5. నైట్రేట్‌కు 45 మాత్రమే, ఆ పైన సడలింపు లేదు. మలం కలిసిందని చూపే ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో అసలు కనబడకూడదు.

ఈ పట్టికను చదివేటప్పుడు ఒక తేడా మనసులో ఉండాలి. కఠినత్వం 400 ఉన్న నీరు తాగితే ఆరోగ్యవంతుడికి జబ్బు చేయదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసిన లోహాలే. అది పాడు చేసేది గీజరును, వాషింగ్ మెషీన్‌ను, కుళాయి జల్లెడను, సబ్బు ఖర్చును. ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు మాత్రం నేరుగా ఒంటికి హాని చేస్తాయి, రుచిలోనూ రంగులోనూ ఏ జాడా చూపకుండా. జనం భయపడే దోషం ఒకటైతే, భయపడవలసిన దోషం మరొకటి.

మూడవ మెట్టు: ఇంట్లోనే చేయగల కొలతలు

పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరు అన్నిటి కంటే సులువైనది, అన్నిటి కంటే ఎక్కువగా అపార్థానికి గురైనది కూడా. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో చూసి, దాని నుంచి లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఆ లవణం సున్నానిదా, వంట ఉప్పుదా అన్నది దానికి తెలియదు. క్రిములూ ఫ్లోరైడూ దానికి అసలే కనబడవు. కాబట్టి అది తీర్పు చెప్పే పరికరం కాదు, ఈ రోజు నీరు నిన్నటిలా ఉందా లేదా అని పోల్చుకునే పరికరం. ట్యాంకరు వచ్చినప్పుడు గొట్టం పెట్టక ముందే మీటరు ముంచి చూసి, ఎప్పుడూ 350 చూపించేది 1100 చూపిస్తే, డ్రైవరును ఏ బోరు నుంచి తెచ్చావని అడగడానికి అది చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు అమ్మేవారిలో కొందరు గ్లాసు నీటిలో రెండేసి లోహపు కడ్డీలున్న పరికరం ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో నీరు తుప్పు రంగుకు తిరిగి, అడుగున మడ్డి దిగుతుంది. ఆ మడ్డి నీటిలోది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. సన్నని పొరలోంచి నీటిని ఒత్తి లవణాలను వడకట్టే ఆర్ఓ యంత్రం నీటిలో లవణాలు తక్కువ కనుక కరెంటు సరిగా పారదు, అందుకే అది తెల్లగానే ఉంటుంది. ఆ ఆర్ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చూపించమంటే గుట్టు బయటపడుతుంది.

కఠినత్వాన్ని కొలవడానికి సరైన సాధనం చుక్కల కిట్. ప్రయోగశాలల్లో ఈడీటీఏ ద్రావణంతో చేసే పరీక్షకే ఇది ఇంటి రూపం. నీటి పరీక్షల పరికరాలు అమ్మే దుకాణాల్లోనూ, అక్వేరియం దుకాణాల్లోనూ దొరుకుతుంది. గీత దాకా నమూనా నీరు పోసి, బఫర్ ద్రావణం, తరువాత సూచిక వేయగానే నీరు నేరేడు పండు రసంలా ఎర్రబారుతుంది. ఆ తరువాత ఈడీటీఏ చుక్కను ఒక్కొక్కటిగా వేస్తూ, ప్రతి చుక్కకూ గొట్టాన్ని మెల్లగా కదిలిస్తూ పోవాలి. చివరికి వచ్చేసరికి ఎరుపు ముందు ఊదాగా మారుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఆగకూడదు; ఎరుపు ఛాయ పూర్తిగా పోయి స్వచ్ఛమైన నీలం నిలిచినప్పుడే లెక్క ముగిసినట్టు. తెల్ల కాగితం మీద పగటి వెలుగులో చూస్తే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని కిట్లలో రంగులు వేరుగా ఉంటాయి కనుక పెట్టెలోని కాగితం చదవాలి. చుక్కకు ఎన్ని పీపీఎం అన్నది కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. అక్వేరియం కిట్లు తరచుగా జర్మన్ డిగ్రీలలో చెబుతాయి, ఒక డిగ్రీ అంటే సుమారు 17.8 పీపీఎం. బోరు నీటికి చుక్కలు మరీ ఎక్కువ పడుతుంటే, నమూనాలో సగం, బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేసుకోవచ్చు.

ఈ కిట్ చేతిలో ఉంటే మరొక ముఖ్యమైన సంగతీ తేల్చుకోవచ్చు. బైకార్బొనేట్ల వల్ల కలిగే కఠినత్వం మరిగిస్తే తెల్లటి పొడిగా అడుగున దిగిపోతుంది, అందుకే దానిని తాత్కాలిక కఠినత్వం అంటారు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల కలిగేది మరిగించినా పోదు, అది శాశ్వత కఠినత్వం. ఒక లీటరు నీటిని స్టీలు గిన్నెలో పదిహేను నిమిషాలు మరిగించి, చల్లారనిచ్చి, పలుచని బట్టలో కాక కాఫీ ఫిల్టరు కాగితం వంటి దానిలో వడకట్టి, ఆవిరైన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ లీటరుకు తెచ్చి, చుక్కల పరీక్ష తిరిగి చేయాలి. 450 ఉన్నది 180కి తగ్గితే, తగ్గిన 270 తాత్కాలికం. గీజరులో, టీ గిన్నెలో పేరుకునే పొర ప్రధానంగా ఈ భాగం నుంచే వస్తుంది. శాశ్వత భాగం పెద్దదిగా ఉంటే గిన్నెలు అంతగా తెల్లబడకపోయినా సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. పప్పు సంగతికి కారణం, నీటిలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌తో కలిసి దానిని గట్టిపరచడం. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది కానీ బి1 విటమిన్ కొంత నశిస్తుంది. వంటకు నల్లా నీరు విడిగా పట్టి ఉంచుకోవడం అంతకంటే మేలు.

నల్లా నీటికి మరొక చిన్న పరీక్ష ఉంది. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ మన ఇంటి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చే ఓటీ కిట్ గానీ, గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ గానీ వాడి, నల్లా వదిలిన పది నిమిషాల తరువాతి నీటిని చూడాలి. రంగే రాకపోతే దారిలో పైపు లీకై మురుగు కలుస్తున్నదేమోనని అనుమానించి, జలమండలికి 155313 నంబరులో ఫిర్యాదు చేయాలి. రోజు విడిచి రోజు సరఫరా జరిగే చోట, పైపులో ఒత్తిడి లేని గంటల్లో చుట్టుపక్కల తడి లోపలికి ఇంకుతుంది. మొదటి కొన్ని నిమిషాల నీటిని సంపులోకి వదలకుండా బయటికి పోనివ్వడం అందుకే. నల్లాకు నేరుగా మోటారు బిగించడం చట్టరీత్యా తప్పన్నది అటుంచి, ఆ మోటారు నీటితో పాటు మురుగునూ మన ఇంట్లోకే పీలుస్తుంది.

నాలుగవ మెట్టు: ప్రయోగశాలకు పంపవలసినవి

ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా ఈ మూడింటినీ ప్రయోగశాలకే వదిలేయాలి. ప్రయోగశాలలకు జాతీయ స్థాయిలో ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలు, జిల్లాల్లోని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటివి ఈ పని చేస్తాయి.

తెలుగు నేలకు ఫ్లోరైడ్ కొత్త కాదు. మన దేశంలో, ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో వైద్య పత్రికకు ఎక్కించింది నాటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే. నల్లగొండ పేరు ఆ తరువాత ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికే పేరయింది. శివారు ఇంటివారు గమనించవలసిన విషయం ఏమిటంటే, కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉండడానికి ఒక హద్దు ఏర్పడుతుంది; కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో అది స్వేచ్ఛగా పెరగగలదు. అంటే సబ్బు చక్కగా నురగ వస్తూ, రుచికి కమ్మగా ఉన్న బోరు నీరు ఫ్లోరైడ్ విషయంలో మరింత అనుమానించదగినది. "మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, ఫిల్టరు అక్కర్లేదు" అనే ఇంటివారే ముందుగా ఈ పరీక్ష చేయించాలి.

నైట్రేట్ శివారుకు ప్రత్యేకమైన బెడద. భూగర్భ డ్రైనేజీ ఇంకా రాని కాలనీలో, నూట యాభై గజాల స్థలంలో ఒక మూల బోరు, మరొక మూల సెప్టిక్ ట్యాంకు ఉంటాయి, ప్రతి పక్కింట్లోనూ అలాగే. ఆ మురుగే నైట్రేట్‌గా మారి బోరుకు చేరుతుంది. డబ్బా పాలు తాగే పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని ఇది తగ్గిస్తుంది. మరిగిస్తే పోతుందనుకోవడం ప్రమాదకరం. నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక వాడల చుట్టుపక్కల బోరు ఉన్నవారు వీటికి తోడు భారలోహాల పరీక్ష కూడా అడగాలి.

రసాయన పరీక్షకు శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపాలి. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం ప్రయోగశాల వారే ఇచ్చే క్రిమిరహిత సీసా తీసుకోవాలి. దానిలో క్లోరిన్‌ను విరిచే మందు ముందే ఉంటుంది కాబట్టి దానిని తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలనివ్వకూడదు. లోహపు కుళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషాలు నీరు వదిలి పట్టి, ఐసు పెట్టెలో ఉంచి, వీలైతే ఆరు గంటల లోపు చేర్చాలి.

ఐదవ మెట్టు: ఇంటి నీటిని మెత్తబరచడం

సాఫ్ట్‌నర్ అనే నీటిని మెత్తబరిచే యంత్రం కొనే ముందు ఖర్చు తక్కువ పని ఒకటి చేసి చూడాలి. నల్లా నీటికి కఠినత్వం 110, బోరు నీటికి 500 అని తేలితే, రెంటినీ సంపులో సగం సగం కలిపితే ఇంటి నీరంతా 305 అవుతుంది. మంచినీటిని మనమే పాడు చేసుకున్నట్టు. దానికి బదులు నల్లా నీటికి విడిగా ఐదు వందల లీటర్ల చిన్న ట్యాంకు పెట్టించి, దాని నుంచి వంటింటికీ గీజరుకూ మాత్రమే పైపు వేయించి, బోరు నీటిని మరుగుదొడ్డికి, నేల కడగడానికి, మొక్కలకు మళ్లిస్తే చాలా ఇళ్లలో సాఫ్ట్‌నర్ అవసరమే ఉండదు. ప్లంబరుకు ఒక రోజు పని.

బోరు తప్ప గతి లేని ఇంటికి ఉప్పుతో పనిచేసే సాఫ్ట్‌నరే నమ్మదగిన మార్గం. దానిలోని రెసిన్ గింజలు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంను పట్టుకుని, బదులుగా సోడియంను వదులుతాయి. గింజలు నిండిపోయాక ఉప్పు నీటితో కడిగితే మళ్లీ పనికి సిద్ధమవుతాయి. పరిమాణం అమ్మకందారు చెప్పినంత కాక మన లెక్క ప్రకారం ఉండాలి. ఒక లీటరు రెసిన్ స్థూలంగా 50 గ్రాముల కఠినత్వాన్ని పట్టుకుంటుంది. 25 లీటర్ల రెసిన్ అంటే 1250 గ్రాములు. నీటి కఠినత్వం 400 అయితే లీటరుకు 0.4 గ్రాము, 1250ని 0.4తో భాగిస్తే 3125 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురు ఉన్న ఇంటికి రోజుకు 675 లీటర్లు కావాలి కనుక, నాలుగు రోజులకు ఒకసారి, లీటరు రెసిన్‌కు సుమారు 150 గ్రాముల చొప్పున నాలుగు కిలోల లోపు ఉప్పుతో కడగాలి. నెలకు ఏడెనిమిది సార్లు ఉప్పు పోసే ఓపిక ఇంట్లో ఎవరికి ఉందన్నది కూడా కొనే ముందే తేల్చుకోవలసిన విషయం. మట్టి కలిసిన రాళ్ల ఉప్పు రెసిన్‌ను మూసేస్తుంది, శుభ్రమైన ఉప్పే వాడాలి. నీటిలో ఇనుము ఉండి బకెట్టుకు ఎర్రటి చార పడుతుంటే, ముందు ఇనుము తొలగించే ఫిల్టరు పెట్టకుండా సాఫ్ట్‌నర్ పెడితే రెసిన్ త్వరగా చెడుతుంది.

సాఫ్ట్‌నర్ తరువాత టీడీఎస్ మీటరుతో చూసి "ఏమీ తగ్గలేదు" అని గొడవపడేవారున్నారు. తగ్గదు, ఒక లవణం పోయి మరొకటి వచ్చింది అంతే. చుక్కల కిట్‌తోనే చూడాలి: మొదటి ఒకటి రెండు చుక్కలకే నీలం వస్తే పని బాగున్నట్టు. ప్రతి 100 పీపీఎం కఠినత్వం తొలగినప్పుడు లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, 400కు 184. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉన్న ఇంట్లో తాగే కుళాయికీ వంట కుళాయికీ సాఫ్ట్‌నర్‌కు ముందే పైపు చీల్చాలి, మొక్కల కుళాయికి కూడా. కడిగిన ఉప్పు నీటిని డ్రైనేజీలోకే పంపాలి. ఇంకుడు గుంతలోకి వదిలితే అదే ఉప్పు మన బోరుకు, పక్కింటి బోరుకు తిరిగి చేరుతుంది.

పైపుకు అయస్కాంతాలు, తీగలు చుట్టే పరికరాలు కాల్షియంను తొలగించవు, వాటికి గట్టి ఆధారం కూడా లేదు. వాషింగ్ మెషీన్ కుళాయికి బిగించే పాలీఫాస్ఫేట్ గొట్టం నీటిని మెత్తబరచకపోయినా పొర పేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ ఒక్క పనికి అది సరిపోతుంది, తాగే నీటికి వాడవద్దు.

ఆరవ మెట్టు: తాగే నీరు

టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దుల్లో ఉన్న నల్లా నీటికి ఆర్ఓ అవసరం లేదు. అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపే యూవీ ఫిల్టరు గానీ, కళపెళ మరిగించడం గానీ చాలు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 500 లోపు టీడీఎస్ ఉన్న చోట ఆర్ఓను నిషేధించమనే చెప్పింది. ఫ్లోరైడ్, నైట్రేట్ లేదా టీడీఎస్ హద్దు దాటిన బోరు నీరు తాగక తప్పనప్పుడు ఆర్ఓ తగినది. అది ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లను బయటికి తోస్తుంది. ఆ నీటిని బకెట్టులో పట్టి మరుగుదొడ్డికి, వరండా కడగడానికి వాడవచ్చు, కుండీల మొక్కలకు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

సంపులో క్రిములున్నాయని తేలితే, సంపును, పై ట్యాంకును తోమి కడిగి, మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను మాత్రమే పోసి, గంట ఆగి వాడుకోవాలి. సెప్టిక్ ట్యాంకు పక్కనే ఉన్న సంపుకు పగుళ్లుంటే ఎన్నిసార్లు బ్లీచింగ్ వేసినా ఫలితం నిలవదు. ముందు ప్లాస్టరింగ్ చేయించాలి.

ఏడవ మెట్టు: ఇప్పటికే పేరుకున్న పొరను వదిలించడం

ఆ తెల్లటి పొర కాల్షియం కార్బొనేట్, అది ఆమ్లానికి లొంగుతుంది. కుళాయి మూతి దగ్గరి జల్లెడను విప్పి వెనిగర్‌లో గంటసేపు నానబెడితే బుడగలు వస్తూ పొర కరుగుతుంది, మిగిలినది పాత టూత్‌బ్రష్‌తో రాలుతుంది. కెటిల్‌లో లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వేడి చేసి, అరగంట ఉంచి పారబోసి, రెండుసార్లు మామూలు నీరు మరిగించి పారబోయాలి. గీజరు ట్యాంకును మెకానిక్‌తో ఏడాదికి ఒకసారి విప్పించి శుభ్రం చేయించి, అప్పుడే లోపలి మెగ్నీషియం కడ్డీ ఎంత అరిగిందో చూపించమనాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ అది, సగానికి పైగా అరిగితే మార్చాలి. థర్మోస్టాట్‌ను 50 నుంచి 55 డిగ్రీల దగ్గర ఉంచితే పొర నెమ్మదిగా పడుతుంది. బాత్రూములకు వాడే గాఢ యాసిడ్‌ను కుళాయిలకు తగలనివ్వకూడదు, క్రోమ్ పూత లేచిపోతుంది. పాలరాతి నేలకు వెనిగర్ కూడా హానికరమే. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడరుతో కలపకూడదు. మూసి ఉన్న బాత్రూములో వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

మళ్లీ ఎప్పుడు కొలవాలి

బోరు నీటి లక్షణం ఋతువుతో మారుతుంది. మే చివర నీటిమట్టం అడుగంటినప్పుడు లవణాలు సాధారణంగా చిక్కబడతాయి. వానలు కురిశాక పలచబడతాయి కానీ, క్రిములు, నైట్రేట్ పైనుంచి కొట్టుకువచ్చే కాలమూ అదే. కాబట్టి కఠినత్వం, టీడీఎస్ మే నెలలో, బ్యాక్టీరియా, నైట్రేట్ సెప్టెంబరు ప్రాంతంలో, ఫ్లోరైడ్ ఏడాదికి ఒకసారి చూసుకోవడం సబబు. బోరును ఇంకా లోతుకు దింపించినా, పక్క స్థలంలో కొత్త సెప్టిక్ ట్యాంకు తవ్వినా, కాలనీకి కొత్త నల్లా లైను వచ్చినా పాత కాగితాలను పక్కన పెట్టి మొదటి మెట్టు నుంచి మళ్లీ నాలుగు సీసాలు పట్టాలి.